టక టక మంటున్న యాక్సిల్‌ని ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: అన్నగారూ, నాది 9 ఏళ్ళ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, మాన్యువల్ గేరు, 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల నుంచి స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి కదిలిస్తే టక టక టకమని శబ్దం వస్తోంది, ఎడమకి తిప్పినప్పుడు ఎక్కువగా. కుడి ముందు చక్రం లోపలి వైపంతా నల్లగా గ్రీజు చిమ్మి ఉంది. మెకానిక్‌కి చూపిస్తే రెండు వైపులా యాక్సిళ్ళు మార్చాలన్నారు. బ్రేక్ ప్యాడ్లు, ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను, ఇది కూడా చేసుకోగలనా? యాక్సిల్ జాయింట్‌ని కప్పి ఉంచే ఆ పగిలిన రబ్బర్ బూట్ ఒక్కటి మారిస్తే సరిపోదా? నా దగ్గర నట్లు విప్పే ఇంపాక్ట్ గన్ లేదు, కారుతో వచ్చిన జాకీ ఉంది. నిజం చెప్పాలంటే హబ్ (చక్రం బిగించే భాగం) మధ్యలో ఉండే ఆ పెద్ద నట్టుని తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: చేసుకోగలరు తమ్ముడూ. బ్రేక్ ప్యాడ్లు మార్చిన చేతికి ఇది రాని పనేమీ కాదు. కాకపోతే దానికన్నా బరువైన పని, ఒళ్ళంతా మురికయ్యే పని, మొదటిసారి అయితే ఒక్క వైపుకే నాలుగైదు గంటలు పట్టే పని. కాబట్టి సాయంత్రం మొదలుపెట్టకండి, మర్నాడు బండి తప్పనిసరిగా కావాల్సిన రోజున అసలే పెట్టుకోకండి. ఇంకో మాట ముందే చెప్తాను, ఈ పనిలో చెడిపోయేవన్నీ దాదాపు ఒకే కారణంతో చెడిపోతాయి: బలం పెట్టకూడని చోట పెట్టడం. సుత్తి దెబ్బ షాఫ్ట్ చివర ఉండే మరల (థ్రెడ్ల) మీద పడుతుంది, లాగకూడని షాఫ్ట్‌ని లాగుతాం, రాడ్‌ని గేర్ బాక్స్ సీలు (ఆయిల్ కారకుండా ఆపే రింగు) మీద ఆనించి తన్నుతాం. ఈ మూడు చోట్లా చెయ్యి ఆగిందంటే సగం పని అయిపోయినట్టే.

ముందు అది యాక్సిలేనా, అంటే గేర్ బాక్స్ నుంచి చక్రానికి బలం అందించే, రెండు చివరలా ఒక్కో జాయింట్ ఉండే ఆ షాఫ్టేనా అని ఖాయం చేసుకోవాలి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు పెద్దగా అనుమానం లేదు, కానీ విడిభాగం కొనే ముందు ఒక్కసారి ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా రెండు చుట్లు తిరగండి, తర్వాత కుడికి, తర్వాత రివర్స్‌లో కూడా. అద్దాలు దించి, పాటలు ఆపేసి వినండి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు గట్టిగా, వదిలేసినప్పుడు తగ్గుతూ, చక్రం వేగంతో పాటు పెరిగే టక టక అయితే అది చక్రం వైపు ఉండే బయటి జాయింట్. సాధారణంగా ఎడమకి తిరిగేటప్పుడు బండి బరువు కుడి చక్రం మీదికి వాలుతుంది కాబట్టి శబ్దం అక్కడి నుంచే వస్తుంది, మీ గ్రీజు చిమ్మింది కూడా కుడివైపే కాబట్టి రెండూ కలిసి ఒకే మాట చెప్తున్నాయి. అలా కాకుండా తిన్నగా వెళ్తున్నప్పుడు గుయ్‌మని మోగుతూ వేగంతో పాటు పెరిగితే అది వీల్ బేరింగ్ అయ్యే అవకాశం ఎక్కువ, యాక్సిల్ మార్చినా పోదు. తిన్నగా వెళ్తూ గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే బండి ముందు భాగం వణుకుతుంటే గేర్ బాక్స్ వైపు ఉండే లోపలి జాయింట్‌ని అనుమానించాలి, ఇంజిన్‌ని పట్టుకుని ఉండే మౌంట్లు కూడా చూడాలి.

ఈ శబ్దం తిప్పినప్పుడే ఎందుకొస్తుందో తెలిస్తే బూట్ గురించి మీరడిగిన దానికి జవాబు అక్కడే దొరుకుతుంది. బయటి జాయింట్ లోపల సాధారణంగా ఆరు ఉక్కు గుళ్ళు ఉంటాయి, వాటిని పట్టుకుని ఉండే ఒక పంజరం, గుళ్ళు నడవడానికి లోపలా బయటా చెక్కిన గాడులు. 1920లలో దీన్ని రూపొందించిన ఇంజనీరు పేరుతో రజెప్పా జాయింట్ అంటారు, 1959లో వచ్చిన బ్రిటిష్ మినీలో కూడా ఉన్నది ఈ రకమే, ఇప్పటికీ అదే సూత్రం. చక్రం ఎంత వంకరగా తిరిగినా లోపల తిరిగే వేగం, బయట తిరిగే వేగం క్షణం కూడా తేడా రాకుండా ఉంచడం దీని గొప్పతనం. బండి తిన్నగా పోతున్నప్పుడు ఆ గుళ్ళు గాడిలో ఉన్నచోటనే దాదాపుగా ఉంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ప్రతి చుట్టుకీ గాడి పొడవునా ముందుకీ వెనక్కీ పరిగెత్తాలి. బూట్ పగిలి గ్రీజు బయటికి పోయి, ఇసుక, నీళ్ళు లోపలికి చేరాక ఆ గాడుల్లో గుంటలు పడతాయి, గుండు ఆ గుంటలోంచి ఎగిరి దూకిన ప్రతిసారీ ఒక టక్. ఉక్కులో పడిన గుంటని కొత్త గ్రీజు పూడ్చలేదు కదా. అందుకే మీ కుడివైపుకి కొత్త బూట్ వేస్తే కొన్నాళ్ళు శబ్దం తగ్గినట్టు అనిపించవచ్చు గానీ మళ్ళీ వస్తుంది, మీరు మళ్ళీ ఇదే విప్పుడు విప్పాలి. కుడి యాక్సిల్ మార్చేయండి.

ఎడమవైపు మాత్రం ఊరికే మార్చకండి. దాని బూట్ మడతలు వేలితో విడదీసి చూడండి, పగుళ్ళు లేకుండా, గ్రీజు తడి బయటికి రాకుండా, కుడికి తిప్పినప్పుడు శబ్దం లేకుండా ఉంటే దాన్ని అలా వదిలేయండి. బూట్ చిట్లింది గానీ శబ్దం ఇంకా రాలేదంటే బూట్ మార్చడానికి అదే సరైన సమయం. జాయింట్ విప్పి పాత గ్రీజంతా కడిగేసి, బూట్‌తో పాటు వచ్చే మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు పాకెట్ పూర్తిగా పెట్టాలి. ఇంట్లో ఉన్న మామూలు గ్రీజు పెట్టకండి. ఒక్క మాట, బండితో వచ్చిన అసలు యాక్సిల్ లోపల ఆరోగ్యంగా ఉంటే దానికి బూట్ మార్చి ఉంచుకోవడమే నాకిష్టం, ఎందుకంటే బయట దొరికే చవక యాక్సిళ్ళలో కొన్ని కొత్తవే వణుకుతాయి.

సామాను అంతా చేతికొచ్చాకే బండి ఎత్తండి. కొత్త యాక్సిల్, కొత్త హబ్ నట్టు, లోపలి చివర గాడిలో ఉండే లాక్ రింగ్ యాక్సిల్‌తో రాకపోతే అది కూడా, స్ప్లిట్ పిన్ను ఉండే రకమైతే కొత్త పిన్ను, గేర్ బాక్స్ పక్కన ఉండే ఆయిల్ సీలు, మీ బండి పుస్తకంలో రాసిన గ్రేడు గేర్ ఆయిల్. సీలు గురించి చాలామంది పట్టించుకోరు. పాతది చెమ్మగా ఉంటే, లేదా తీసేటప్పుడు దాని అంచుకి దెబ్బ తగిలితే, అప్పటికప్పుడు పరిగెత్తే అవస్థ తప్పుతుంది. పనిముట్లలో ఆ పెద్ద నట్టుకి సరిపోయే సాకెట్ ముఖ్యం. 30, 32, 36 మిల్లీమీటర్ల సైజులు ఎక్కువగా కనిపిస్తాయి, మీ బండిది ఏదో ముందే పెట్టి చూసుకోండి, ఆరు మూలల సాకెట్టే తీసుకోండి, పన్నెండు మూలలది జారి నట్టు మూలలు అరిగిపోతాయి. సాకెట్‌ని తిప్పే పొడవాటి బ్రేకర్ బార్, ఎంత బలంతో (టార్క్) బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్, ఒక మంచి పొడవాటి రాడ్, ఆయిల్ పట్టుకోవడానికి పళ్ళెం, బ్రేక్ ప్యాడ్లని పట్టుకునే కేలిపర్‌ని వేలాడదీయడానికి తీగ. కళ్ళద్దాలు పెట్టుకోండి, బండి కింద పడుకున్నప్పుడు తుప్పు రజను నేరుగా కళ్ళల్లోకే పడుతుంది.

ఇక జాకీ. కారుతో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. ఈ పనిలో మీరు రాడ్ పెట్టి తన్నుతారు, సుత్తితో కొడతారు, హబ్‌ని పట్టుకుని ఉండే నకిల్‌ని బయటికి లాగుతారు, అంటే బండి ప్రతి నిమిషం కదులుతూనే ఉంటుంది. ఇటుకలు, చెక్క ముక్కలు, పాత చక్రాలు పేర్చి దానిమీద నిలబెట్టడం అసలే వద్దు. బరువుకి తగిన జాకీ స్టాండ్లు తెచ్చుకోండి లేదా అడిగి తెచ్చుకోండి, అవి దొరక్కపోతే ఈ పని వాయిదా వేయండి, నేను దీంట్లో రాజీ పడను. నేల గట్టిగా, సమంగా ఉండాలి. స్టాండ్ మీదికి దించాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి దూరండి. చాలామంది ఆలోచించని విషయం ఇంకోటుంది: బండిని గేర్‌లో పెట్టాం కదా కదలదులే అనుకుంటారు. ముందు చక్రాలకి గేర్ బాక్స్ పట్టు అందేది ఈ యాక్సిళ్ళ ద్వారానే, మీరు ఒకటి బయటికి తీసిన క్షణం గేరు గానీ, ఆటోమేటిక్ అయితే పార్క్ గానీ బండిని పట్టుకోలేవు, రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల భాగం, అంటే డిఫరెన్షియల్, ఖాళీగా తిరిగిపోతుంది. నిజానికి ఒక ముందు చక్రం గాల్లోకి లేచినప్పటి నుంచే ఆ పట్టు పోయినట్టు లెక్క. వెనక చక్రాలకి ముందూ వెనకా గట్టి అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి మొదలుపెట్టండి.

మీ టెన్షన్ ఆ నట్టు గురించి కదా, దాని సంగతి వివరంగానే చెప్తాను. చాలా కార్లలో దాని బిగింపు 180 నుంచి 300 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మీ మోడల్ సర్వీస్ పుస్తకంలో చూడాలి. 60 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల హ్యాండిల్ చివర తన బరువంతా వేస్తే వచ్చేది 180కి కాస్త తక్కువే, అందుకే మామూలు పానాతో కదలదు. అదే మనిషి మీటరు పొడవు పైపు చివర ఆనితే దాదాపు 590 వస్తుంది. అంటే మీకు ఇంపాక్ట్ గన్ అక్కర్లేదు, పొడవు కావాలి. బండి ఇంకా నేల మీద ఉండగానే చక్రం మధ్య మూత తీసి, నట్టు అంచు షాఫ్ట్ గాడిలోకి కొట్టి లాక్ చేసి ఉంటే ఆ అంచుని చిన్న ఉలితో పైకి లేపి, పిన్ను ఉంటే లాగేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక అరగంట వదిలేయండి. తర్వాత ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కమని, సాకెట్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూసుకుని, బార్ మీద కుదుపులు లేకుండా బరువు వేయండి. కదిలేటప్పుడు టప్పుమని పెద్ద శబ్దం వస్తుంది, ఏదో విరిగిందనుకుని బెదరకండి. కాస్త వదులైతే చాలు, పూర్తిగా తీయొద్దు, నట్టు వదులుగా ఉండగా బండిని ముందుకీ వెనక్కీ దొర్లించనూ వద్దు. చాలా బండ్లలో వీల్ బేరింగ్ రెండు సగాల్నీ కలిపి నొక్కి పట్టుకునేది ఈ నట్టే, ఆ నొక్కు లేకుండా బండి బరువు మీద తిరిగితే బేరింగ్ పాడవుతుంది. వీల్ నట్లు కూడా ఇప్పుడే కాస్త వదులు చేసి, అప్పుడు బండి ఎత్తండి.

చక్రం తీశాక నకిల్‌ని, అంటే హబ్‌ని పట్టుకుని ఉండే ఆ పెద్ద ఇనప దిమ్మని, బయటికి వాల్చడానికి వీలుగా ఎక్కడో ఒకచోట విడదీయాలి. రెండు దారులున్నాయి. ఒకటి కింద, నకిల్‌ని లోయర్ ఆర్మ్‌కి (సస్పెన్షన్ కింది చేతికి) కలిపే బాల్ జాయింట్ దగ్గర, రెండోది పైన షాక్ అబ్జార్బర్‌ని నకిల్‌కి కలిపే రెండు బోల్టుల దగ్గర. పైన విప్పడం సులువు, కానీ ఆ బోల్టుల దగ్గర చక్రం వాలు మారే బండ్లుంటాయి, కాబట్టి విప్పే ముందు రంగుతో గుర్తు పెట్టుకోవాలి, తర్వాత అలైన్‌మెంట్ చూపించుకోవాలి కూడా. నేనైతే కింద నుంచే విప్పుతాను. బాల్ జాయింట్‌ని ఒక అడ్డ బోల్టు బిగించి పట్టే రకమైతే ఆ బోల్టు పూర్తిగా బయటికి తీసి, చీలికని కొంచెం విప్పారజేసి లోయర్ ఆర్మ్‌ని కిందికి నొక్కితే వచ్చేస్తుంది. కోసుగా కూర్చునే రకమైతే విడదీసే పుల్లర్ వాడండి. రెండు కొమ్ముల ఫోర్క్‌ని దూర్చి కొడితే అది విడదీస్తుంది గానీ బాల్ జాయింట్ రబ్బరుని చింపేస్తుంది, అప్పుడు ఒక పని కోసం పోయి రెండు పనులు పెట్టుకున్నట్టు. సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింకు, స్టీరింగ్ నుంచి వచ్చే టై రాడ్ ఎండ్ అడ్డొస్తే అవీ విప్పాలి. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) సెన్సార్ తీగని క్లిప్పుల నుంచి ముందే విడిపించండి, లేకపోతే నకిల్ వాల్చినప్పుడు తెగేది అదే. బ్రేక్ కేలిపర్ తీయాల్సి వస్తే తీగతో స్ప్రింగుకి కట్టండి, గొట్టం మీద వేలాడనివ్వకండి, ఇది ప్యాడ్లు మార్చే మీకు తెలిసిందే.

ఇప్పుడు హబ్ లోంచి షాఫ్ట్‌ని లోపలికి తొయ్యాలి. కొన్ని చేత్తో తోస్తేనే జారిపోతాయి, కొన్ని తుప్పుతో ఇరుక్కుని ఉంటాయి. సుత్తితో నేరుగా షాఫ్ట్ చివర కొట్టొద్దు, చివర పుట్టగొడుగులా విచ్చుకుంటే నట్టు బయటికి రాదు, షాఫ్ట్ రంధ్రంలోంచి లోపలికి పోదు. పాత నట్టుని షాఫ్ట్ చివరతో సమంగా ఉండేలా తిప్పి పెట్టి, దాని మీద గట్టి చెక్క ముక్క ఆనించి కొట్టండి. నాలుగు దెబ్బలకి కదలకపోతే ఇంకా పెద్ద సుత్తి కోసం వెతక్కండి, ఆ దెబ్బలన్నీ బేరింగ్ తింటోంది. హబ్ పుల్లర్ పెట్టి నెమ్మదిగా తిప్పితే బేరింగ్‌కి దెబ్బ తగలకుండా వస్తుంది. పాత యాక్సిల్ ఎలాగూ పారేసేదే కాబట్టి దాని మీద మొహమాటం లేదు, బేరింగ్‌తోనే మనకి ఇంకా పనుంది.

లోపలి చివర తీయడం ఈ పని మొత్తంలో ఓపిక పరీక్షించే చోటు. ముందుగా కింద పళ్ళెం పెట్టండి, ఆయిల్ వస్తుంది. ఎక్కువగా ఉంటే డ్రెయిన్ బోల్టు విప్పి ముందే దించేసుకోవడం మంచిది. షాఫ్ట్ చివర గాడిలో ఉండే చిన్న తీగ రింగు గేర్ బాక్స్ లోపల పట్టుకుని ఉంటుంది, దాన్ని ఒక్కసారి గట్టిగా తన్నితే వదులుతుంది, మెల్లగా నొక్కితే వదలదు. లోపలి జాయింట్ గిన్నెకీ గేర్ బాక్స్ ఒంటికీ మధ్య రాడ్ పెట్టి, గేర్ బాక్స్ మీద మందమైన చోట ఆనేలా చూసుకుని, ఒక్క కుదుపు ఇవ్వండి. రాకపోతే షాఫ్ట్‌ని పావు చుట్టు తిప్పి మళ్ళీ. రాడ్ మొన సీలు లోపలికి దిగకూడదు, గేర్ బాక్స్ అల్యూమినియం పలచటి అంచుల మీద ఆనకూడదు. కొన్ని బండ్లలో ఈ లోపలి చివర గుండ్రటి ఫ్లాంజ్‌కి ఆరు బోల్టులతో ఉంటుంది, అప్పుడు రాడ్‌తో పనే లేదు. కొన్నిట్లో కుడివైపు మధ్యలో ఇంకో చిన్న షాఫ్టు, దానికో బేరింగ్ బ్రాకెట్ ఉంటాయి, మీది కుడివైపే కాబట్టి కింద పడుకుని ముందే చూసుకోండి. అలా ఉంటే ఎక్కడిదాకా విప్పాలో సర్వీస్ పుస్తకం చూసి తేల్చుకున్నాకే రాడ్ పట్టుకోండి.

షాఫ్ట్‌ని పట్టుకుని మాత్రం లాగకండి. నేను మొదటిసారి చేసినప్పుడు రెండు చేతులతో షాఫ్ట్ కడ్డీని పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగాను. చేతిలో బరువు ఒక్కసారిగా తేలికైంది, యాక్సిల్ వచ్చేసిందని సంబరపడ్డాను, చూస్తే బూట్ సాగిపోయి లోపల మూడు రోలర్ల భాగం గిన్నెలోంచి ఊడొచ్చింది, గిన్నె మాత్రం గేర్ బాక్స్‌లోనే ఉంది. లోపలి జాయింట్ అలా జారేలాగే తయారుచేస్తారు, చక్రం గుంటలో పడి లేచినప్పుడల్లా షాఫ్ట్ పొడవు మారాలి కాబట్టి ఆ రోలర్లు గిన్నెలో ముందుకీ వెనక్కీ జారాలి, దాన్ని ఆపేది ఏదీ గట్టిగా ఉండదు. పాతది అలా విడిపోతే గ్రీజు మురికే తప్ప నష్టం లేదు, గిన్నెని విడిగా తన్ని తీసుకోవచ్చు. కొత్తది పెట్టేటప్పుడు అలా లాగితే మాత్రం లోపల ఏం తప్పిందో బయటికి కనపడదు, బండెక్కాక తెలుస్తుంది. కొత్త యాక్సిల్‌ని ఎత్తేటప్పుడు కూడా మధ్యలో పట్టుకుని రెండు చివరలు వేలాడేలా తీసుకురావద్దు, రెండు చేతులతో రెండు జాయింట్లనీ పట్టుకోండి.

ఎప్పుడైనా రెండు వైపులూ మార్చాల్సి వచ్చినా ఒకేసారి రెండూ బయటికి తీయకండి. కొన్ని గేర్ బాక్సుల్లో రెండు షాఫ్టులూ లేకపోతే డిఫరెన్షియల్ లోపలి సైడ్ గేర్లు పక్కకి జరుగుతాయి, ఆ తర్వాత ఏ షాఫ్టూ లోపలికి దూరదు. ఒకటి పెట్టాకే రెండోది.

పాతదీ కొత్తదీ నేల మీద పక్కపక్కన పెట్టి చూడండి. పొడవు, రెండు చివరలా పళ్ళ సంఖ్య, మరల సైజు, సీలు ఆనే చోటు మందం, పాతదానికి బయటి జాయింట్ మీద ఏబీఎస్ కోసం పళ్ళ చక్రం ఉంటే కొత్తదానికీ అన్నే పళ్ళతో ఉండాలి. పళ్ళు లెక్కపెట్టడానికి బద్ధకించకండి, అది రెండు నిమిషాల పని. తేడా ఉంటే అక్కడితో ఆపి యాక్సిల్ మార్చి తెచ్చుకోండి, బలవంతంగా ఎక్కించవద్దు.

సీలు మార్చాలనుకుంటే ఇదే అదను. కొత్త సీలు పెదవికి కాస్త గేర్ ఆయిల్ రాసి, వంకర పోకుండా, పాతది ఎంత లోతులో ఉందో అంతే లోతులో కూర్చోబెట్టండి. యాక్సిల్ లోపలి చివర పళ్ళు తుడిచి, కొత్త లాక్ రింగ్ గాడి మధ్యలో నిలబడేలా చిటికెడు గ్రీజు పెట్టి, సీలుని పళ్ళు గీరకుండా నిదానంగా లోపలికి పంపండి. పళ్ళు కలవకపోతే కొంచెం తిప్పండి. చివరి సెంటీమీటరు దగ్గర ఆగుతుంది, అక్కడ జాయింట్ గిన్నెని రెండు చేతులతో పట్టుకుని ఒక్క తోపు తొయ్యాలి, లోపల టిక్కుమని కూర్చోవడం చేతికి తెలుస్తుంది. కూర్చుందో లేదో చూడటానికి గిన్నెనే పట్టుకుని మెల్లగా బయటికి లాగి చూడండి, రాకూడదు. అది పూర్తిగా కూర్చోకపోతే దారిలో ఆయిల్ కారుతుంది, ఇంకా దూరం వెళ్తే షాఫ్ట్ పక్కకి జరుగుతుంది, కాబట్టి ఇక్కడ నమ్మకం కుదిరేదాకా ముందుకు పోవద్దు.

హబ్ లోపలి పళ్ళు వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి షాఫ్ట్ దూర్చి, బాల్ జాయింట్ కలిపి, విప్పినవన్నీ పుస్తకంలో చెప్పిన టార్క్‌తో బిగించండి. రబ్బర్ బుష్ ఉండే సస్పెన్షన్ బోల్టులు ఏవైనా విప్పి ఉంటే వాటి చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయాలి, గాల్లో బిగిస్తే బుష్ మెలితిరిగిన చోటనే బిగుసుకుపోయి త్వరగా చిరుగుతుంది. హబ్ నట్టు కొత్తదే వాడండి, పాత నట్టు అంచు ఒకసారి వంగింది కాబట్టి మళ్ళీ అంత పట్టు ఇవ్వదు. షాఫ్ట్‌ని హబ్‌లోకి పూర్తిగా లాగేంతవరకు చేత్తో, తర్వాత పానాతో, చివరి బిగింపు మాత్రం చక్రం నేల మీద, ఒకరు బ్రేక్ తొక్కి ఉండగా, టార్క్ రెంచ్‌తో. చెయ్యి అలవాటుతో సరిపోయిందిలే అనుకోవడానికి వీల్లేని నట్టు ఇది. తక్కువైతే బేరింగ్ వదులై మోగుతుంది, మరీ ఎక్కువైతే మరలు దెబ్బతింటాయి. కొన్ని బండ్లకి ఇంత టార్క్ పెట్టాక ఇంకా ఇన్ని డిగ్రీలు తిప్పాలని ఉంటుంది, ఉంటే అదీ చేయండి. అయ్యాక నట్టు అంచుని గాడిలోకి కొట్టడమో, పిన్ను పెట్టి వంచడమో చేయండి. పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టు వెనక్కి తిప్పకుండా కొంచెం ముందుకి తిప్పి కలపాలి.

గేర్ ఆయిల్ మర్చిపోయి బండి నడపడం వల్ల పోయిన గేర్ బాక్సులున్నాయి తమ్ముడూ. ఎంత కారిందో అంత పోశానులే అని ఊరుకోకుండా, బండి సమంగా ఉన్నప్పుడు లెవెల్ బోల్టు విప్పి అంచుదాకా వచ్చిందో చూసి మూయండి. ఇది చదివే ఆటోమేటిక్ వాళ్ళు ఆయిల్ రకం దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి, అందులో వేరే రకం ఆయిల్ కలిస్తే గేర్ బాక్సే పోతుంది. కేలిపర్ తీసి ఉంటే బండి కదిలించే ముందే బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి.

ఇంతకీ ఎన్నాళ్ళు ఆగొచ్చని మీరు అడగలేదు, కానీ రెండు నెలలుగా అలాగే నడుపుతున్నారు కాబట్టి చెప్తున్నాను. ఇలా మోగుతూ చాలాకాలం నడిచే బండ్లున్నాయి, ఆ ధైర్యంతోనే జనం వదిలేస్తారు. జాయింట్ విరిగిన రోజున మాత్రం ఇంజిన్ ఎంత తిరిగినా బండి ముందుకు పోదు, ఎందుకంటే డిఫరెన్షియల్ బలమంతా విరిగిన వైపే ఖాళీగా తిరిగిపోతుంది. ఊడిన షాఫ్ట్ చుట్టుపక్కల ఉన్న బ్రేక్ గొట్టాన్నీ తీగల్నీ కొడుతుంది. అది ఎక్కువ దూరాల ప్రయాణంలో జరగకూడదు. సామాను తెచ్చుకునేలోపు దూరం వెళ్ళకండి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి గట్టిగా యాక్సిలరేటర్ ఇవ్వకండి.

పని అయ్యాక మొదట అదే ఖాళీ స్థలంలో అవే చుట్లు తిరగండి, ఎడమకి, కుడికి, రివర్స్‌లో. టక టక పూర్తిగా పోవాలి. తర్వాత రోడ్డు మీద నెమ్మదిగా వేగం పెంచుతూ వణుకు ఉందేమో చూడండి, కొత్త వణుకు ఏదైనా మొదలైతే ముందు వీల్ నట్లు, తర్వాత యాక్సిల్ లోపల కూర్చున్న తీరు, అప్పుడు కొత్త యాక్సిల్ నాణ్యత, ఈ వరుసలో అనుమానించండి. రాత్రి గేర్ బాక్స్ కింద ఒక అట్టముక్క పరిచి ఉంచి పొద్దున చూడండి, ఆయిల్ చుక్క పడి ఉంటే సీలు దగ్గర ఏదో తేడా ఉన్నట్టే. వీల్ నట్లు ఒక 50, 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి. పాత యాక్సిల్‌ని అప్పటిదాకా పారేయకండి, కొత్తదానితో తేడా వస్తే పక్కన పెట్టి కొలిచి చూసుకోవడానికి అదే ఆధారం.